ఏ గదికి ఎంత గాలి కావాలి: సీఎఫ్ఎమ్ లెక్క మొదటి నుంచి చివరి దాకా

"మా రూమ్ 12 బై 10, ఎన్ని సీఎఫ్ఎమ్ ఫ్యాన్ పెట్టాలి" అని చాలామంది అడుగుతారు. సీఎఫ్ఎమ్ అంటే నిమిషానికి ఎన్ని క్యూబిక్ అడుగుల గాలి కదులుతుందో ఆ లెక్క. నేను తిరిగి అడిగేది ఒకటే, ఆ రూమ్‌లో ఎంతమంది ఉంటారు, అక్కడ ఏం పని జరుగుతుంది అని. ఎందుకంటే ఆ 12 బై 10 గదిలో ఒక్కరే కూర్చుని చదువుకుంటే 20 సీఎఫ్ఎమ్ సరిపోతుంది, ఐదుగురు కూర్చుంటే 100 దాటాలి, అదే గదిలో 1500 వాట్ల మెషీన్లు నడుస్తుంటే 500 కూడా దాటిపోతుంది. గది అదే, గోడలు అవే, లోపల పుట్టేదే మారింది. కాబట్టి గది సైజు చూసి ఫ్యాన్ కొనేయకండి, ముందు గదిలో ఏం పుడుతోందో చూడండి, ఆ తర్వాతే టేపు తీయండి.

గదిలో పుట్టేవి మామూలుగా నాలుగు రకాలు. మనుషుల ఊపిరి, తేమ, వేడి, ఇంకా పొగ లేదా రసాయనాల ఆవిరి. ప్రతిదానికీ లెక్క వేరు. ఒక కాగితం మీద ఆ గదిలో ఈ నాలుగిట్లో ఏవేవి ఉన్నాయో రాసుకోండి, రెండు ఉంటే రెండు లెక్కలూ చేయాలి, చివర్లో వాటిని కూడకూడదు, పెద్దది తీసుకోవాలి. బయటికి పోయే గాలి ఒకటే కదా, పోతూ పోతూ ఊపిరినీ వేడినీ తేమనీ కలిపే పట్టుకుపోతుంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తా, సీలింగ్ ఫ్యాన్ తిరిగితే గాలి వచ్చినట్టు కాదు, స్ప్లిట్ ఏసీ నడిచినా అంతే. రెండూ ఉన్న గాలినే తిప్పుతాయి, ఏసీ దాన్ని చల్లబరుస్తుంది, అంతే. చల్లగా ఉందని గాలి బాగుందనుకుని తలుపులన్నీ బిగించి పడుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొలతలు, యూనిట్లు

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి, ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని దాకే ఎత్తు. 12 × 10 × 10 అంటే 1200 క్యూబిక్ అడుగులు, సుమారు 34 క్యూబిక్ మీటర్లు.

సీఎఫ్ఎమ్ సంగతి పైన చెప్పా, నిమిషానికి ఎన్ని క్యూబిక్ అడుగుల గాలి అని. కొన్ని ఫ్యాన్ల మీద గంటకు క్యూబిక్ మీటర్లలో ఉంటుంది, పుస్తకాల్లో సెకనుకు లీటర్లలో ఉంటుంది. సెకనుకు 1 లీటర్ అంటే 2.12 సీఎఫ్ఎమ్, అంటే గంటకు 3.6 క్యూబిక్ మీటర్లు. 1 సీఎఫ్ఎమ్ గంటకు 1.7 క్యూబిక్ మీటర్లు. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు, ఎక్కడా తడబడరు.

మనుషుల లెక్క

ఎక్కువ గదులకి అసలు లెక్క ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

నెమ్మదిగా కూర్చుని పని చేసుకునే పెద్ద మనిషి సెకనుకు సుమారు 0.005 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. బయటి గాలిలో అది ఇప్పుడు సుమారు 420 పీపీఎమ్ ఉంది, అంటే పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు. గది మూసి ఉంటే లోపల అది పెరుగుతూ పోయి ఒక చోట నిలబడుతుంది, ఆ నిలబడే అంకె ఎంతో మనం ముందే చెప్పేయొచ్చు. ఆ 0.005ని పది లక్షలతో గుణిస్తే వచ్చే 5000ని మనిషికి సెకనుకు అందే బయటి గాలి లీటర్లతో భాగించండి, దానికి 420 కలపండి. మనిషికి 10 లీటర్లు అందితే 5000 ÷ 10 = 500, కలిపితే 920 పీపీఎమ్. 5 లీటర్లే అందితే 1000 ప్లస్ 420, అంటే 1420. గది పెద్దదైనా చిన్నదైనా చివరికి చేరే అంకె అదే, పెద్ద గదిలో అక్కడికి చేరడానికి ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే తేడా.

ఈ స్థాయిలో కార్బన్ డయాక్సైడ్ విషమేమీ కాదు. అది కొలబద్ద. అది పెరిగిందంటే మిగతావాళ్లు వదిలిన ఊపిరినే మనం మళ్లీ పీలుస్తున్నామని, చెమట వాసన, జలుబు దగ్గుల తుంపర్లు అన్నీ గదిలోనే తిరుగుతున్నాయని అర్థం. 1858లోనే మాక్స్ వాన్ పెటెన్‌కోఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గదుల్లో 1000 పీపీఎమ్ దాటనివ్వకూడదు అని చెప్పాడు, గది గాలి బాగుందా లేదా తేల్చడానికి ఇవాళ్టికీ చాలామంది చూసే గీత అదే.

మరి మనిషికి ఎంత గాలి పెట్టుకోవాలి? ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా టైమ్‌లో 2021లో ఇచ్చిన వెంటిలేషన్ గైడ్‌లో ఇళ్లు, ఆస్పత్రులు కాని చోట్లకి చెప్పిన మనిషికి సెకనుకు 10 లీటర్లు, అంటే 21 సీఎఫ్ఎమ్. రెండోది, అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే 62.1 స్టాండర్డ్ పద్ధతి, ఇందులో మనిషికి కొంత, నేల వైశాల్యానికి కొంత పెట్టి రెండూ కలుపుతారు, ఎందుకంటే మనుషుల వాసనకి తోడు కార్పెట్లు, పెయింటు, ఫర్నిచర్ నుంచి వచ్చే వాసన కూడా ఉంటుంది. ఆఫీసుకీ మీటింగ్ రూమ్‌కీ మనిషికి 5 సీఎఫ్ఎమ్, చదరపు అడుగుకి 0.06 సీఎఫ్ఎమ్. తొమ్మిదేళ్లు పైబడ్డ పిల్లల క్లాస్‌రూమ్‌కి మనిషికి 10, చదరపు అడుగుకి 0.12.

ఒక మీటింగ్ రూమ్ తీసుకుందాం. 20 బై 15, అంటే 300 చదరపు అడుగులు, పది మంది. ఆష్రే లెక్కలో 10 × 5 = 50, 300 × 0.06 = 18, మొత్తం 68 సీఎఫ్ఎమ్. అది సెకనుకు 32 లీటర్లు, మనిషికి 3.2. ఇప్పుడు మన 5000 లెక్క వేస్తే 5000 ÷ 3.2 = 1560, దానికి 420 కలిపితే 1980 పీపీఎమ్! అంటే స్టాండర్డ్ ప్రకారం పాసైన గదిలోనే రెండు గంటల మీటింగ్ అయ్యేసరికి అందరికీ ఆవలింతలు. అదే 10 లీటర్ల లెక్కలో అయితే 212 సీఎఫ్ఎమ్ కావాలి. స్టాండర్డ్ తప్పని నేననను, అది ఇంతకన్నా తగ్గకూడదు అని చెప్పే కనీసపు గీత, జనం ఎక్కువసేపు కూర్చునే గది నా చేతిలో ఉంటే మాత్రం నేను 10 లీటర్లకే పెడతా.

సప్లై గాలి పైనుంచే వచ్చి పైనుంచే వెళ్లిపోయే గదుల్లో ఇంకో చిక్కుంది. పైనుంచి వెచ్చటి గాలి వదిలితే అది కిందికి దిగకుండా సీలింగ్ పట్టుకునే వెళ్లిపోతుంది, అలాంటప్పుడు ఆష్రే 0.8తో భాగించమంటుంది, అంటే 68 కాస్తా 85 అవుతుంది. చల్లటి గాలి అయితే తనే కిందికి జారుతుంది కాబట్టి ఈ భాగింపు అక్కర్లేదు.

పడకగది సంగతి. నిద్రలో మనిషి వదిలేది కాస్త తక్కువ, 5000 బదులు 4000 పెట్టుకోండి. మన 12 బై 10 గదిలో ఇద్దరు, కిటికీలు తలుపు మూసేశారు, సందుల్లోంచి గంటకి గదిలో సగం గాలి మారుతోంది అనుకుందాం. 600 క్యూబిక్ అడుగులు గంటకి, అంటే 10 సీఎఫ్ఎమ్, సెకనుకు 4.7 లీటర్లు, మనిషికి 2.35. 4000 ÷ 2.35 = 1700, కలిపితే 2120. తెల్లవారేసరికి గది ఆ అంకెకి వచ్చేస్తుంది, పొద్దున్నే తల బరువుగా, నోరు ఎండిపోయినట్టుగా లేచేవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకుని చూడండి. 1000 లోపు ఉంచాలంటే ఇద్దరికీ కలిపి 30 సీఎఫ్ఎమ్ చాలు, మేలుకుని ఉన్నప్పుడు కూడా సరిపోవాలంటే 42 పెట్టుకోండి.

ఎక్సర్‌సైజ్ చేసే గదైతే ఊపిరి కొన్ని రెట్లు పెరుగుతుంది, అక్కడ కూర్చునేవాళ్ల లెక్క పనికిరాదు. జిమ్‌కి ఆష్రే స్టాండర్డ్ మనిషికి 20 సీఎఫ్ఎమ్, చదరపు అడుగుకి 0.06 అంటుంది.

ఏసీహెచ్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసపోతాం

ఏసీహెచ్ అంటే గంటకి గదిలో గాలి ఎన్నిసార్లు మారుతుంది అని. ఫార్ములా సింపుల్, గది ఘనపరిమాణం × ఏసీహెచ్ ÷ 60 = సీఎఫ్ఎమ్. 1200 క్యూబిక్ అడుగుల గదికి 4 ఏసీహెచ్ అంటే 80 సీఎఫ్ఎమ్.

తేలిగ్గా ఉంది కాబట్టి అందరూ దీన్నే పట్టుకుంటారు, తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. 1200 గదిలో ఐదుగురు ఉంటే కావాల్సింది 106, 4 ఏసీహెచ్ ఇచ్చేది 80, చాలదు. అదే ఐదుగురు 40 బై 30, 12 అడుగుల ఎత్తు హాల్లో కూర్చుంటే 4 ఏసీహెచ్ లెక్క 960 సీఎఫ్ఎమ్ చూపిస్తుంది, వాళ్లకి కావాల్సింది మాత్రం అదే 106. ఒక చోట తక్కువ, ఇంకో చోట తొమ్మిది రెట్లు ఎక్కువ, ఎందుకంటే ఏసీహెచ్‌కి మనుషులు కనపడరు, గోడలే కనపడతాయి.

అయితే గదిని ఎంత త్వరగా శుభ్రం చేయాలి అన్నదే ప్రశ్న అయితే ఏసీహెచ్‌ని మించింది లేదు. అందుకే ఆస్పత్రులు దీన్నే వాడతాయి, ఆపరేషన్ థియేటర్‌కి 20, అందులో కనీసం 4 బయటి గాలి, గాలి ద్వారా అంటుకునే జబ్బుల ఐసొలేషన్ రూమ్‌కి 12. జనం ఉండే మామూలు గదులకి కూడా 5 లేదా అంతకన్నా ఎక్కువకి ప్రయత్నించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో చెప్పింది, అందులో ఫిల్టర్ చేసిన గాలిని కూడా కలుపుకోవచ్చు. అంటే ఎయిర్ ప్యూరిఫైయర్ కూడా లెక్కలోకి వస్తుంది, దాని సీఏడీఆర్ (అది శుభ్రం చేసి వదిలే గాలి ఎంతో చెప్పే అంకె) సీఎఫ్ఎమ్‌లో ఉంటే దాన్ని 60తో గుణించి గది ఘనపరిమాణంతో భాగించండి. కానీ ప్యూరిఫైయర్ దుమ్మునీ క్రిములనీ పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని కాదు, కాబట్టి పైన చెప్పిన మనుషుల లెక్కలో దాన్ని కలపకండి.

ఒకసారి గాలి మారింది అంటే పాత గాలి మొత్తం పోయింది అని కాదు. వచ్చే గాలి పాత గాలిలో కలుస్తూ వస్తుంది, పోయే గాలిలో కొత్తది కూడా కొంత పోతుంది. ఒక్క మార్పుకి 63 శాతం పోతుంది, మూడింటికి 95, 99 శాతం పోవాలంటే 4.6 మార్పులు కావాలి. 6 ఏసీహెచ్ గదికి 46 నిమిషాలు, 12 ఏసీహెచ్ గదికి 23 నిమిషాలు.

తేమ, పొగ

ఇక్కడ పెద్ద లెక్కలు అక్కర్లేదు. బాత్రూమ్‌కి 50 సీఎఫ్ఎమ్ ఎగ్జాస్ట్, స్నానం చేసేటప్పుడు నడవాలి, అయ్యాక కూడా ఓ 20 నిమిషాలు నడవాలి, లేకపోతే తడి గోడల మీదే ఆరి బూజు పడుతుంది. ఎప్పుడూ ఆగకుండా నడిచే ఫ్యాన్ అయితే 20 సీఎఫ్ఎమ్ చాలు. బాత్రూమ్ 50 చదరపు అడుగులు దాటితే ప్రతి చదరపు అడుగుకి 1 సీఎఫ్ఎమ్ పెట్టుకోండి.

కిచెన్‌లో పొయ్యి మీద హుడ్‌కి కనీసం 100 సీఎఫ్ఎమ్, అది బయటికి వదిలేదై ఉండాలి, ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదిలే హుడ్ తేమనీ గ్యాస్ మంట వాయువులనీ ఏమీ చేయదు. పెయింటు, వెల్డింగ్, సాల్వెంట్ లాంటివి ఉంటే గది మొత్తానికి గాలి లెక్క వేయడం మానేసి, పుట్టిన చోటే గొట్టం పెట్టి లాగేయండి. పొగ ముందు గదంతా పరుచుకుని, తర్వాత పల్చబడే దాకా ఆగితే మధ్యలో దాన్ని పీల్చేది మనమే.

వేడి లెక్క

మెషీన్ల గది, ఇన్వర్టర్ గది, సర్వర్ ర్యాక్ ఉన్న గది అయితే ఇదే ముఖ్యం. మొత్తం వాట్లు × 1.76 ÷ గది బయటికన్నా ఎన్ని డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కినా పర్లేదో ఆ అంకె = సీఎఫ్ఎమ్. 1500 వాట్లు, 5 డిగ్రీలు ఒప్పుకుంటే 1500 × 1.76 ÷ 5 = 528. 10 డిగ్రీలు ఒప్పుకుంటే సగం, 264.

బయట 40 డిగ్రీలుంటే లోపల 45, ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా 40 కిందికి దిగదు. ఆ మెషీన్ 40 తట్టుకోదంటే మీకు కావాల్సింది వెంటిలేషన్ కాదు, కూలింగ్. ఈ ఒక్క ముక్క తెలియక ఫ్యాన్ మీద ఫ్యాన్ పెంచుకుంటూ పోయినవాళ్లు ఉన్నారు.

గాలి లోపలికి ఎక్కణ్ణుంచి వస్తుంది

లెక్క మొత్తం కరెక్టుగా చేసి ఇక్కడ తప్పుతారు. గదిలోంచి 50 బయటికి పోవాలంటే 50 లోపలికి రావాలి, రానిస్తేనే ఫ్యాన్ లాగుతుంది. తలుపు అన్ని వైపులా బిగుతుగా పట్టేస్తే ఫ్యాన్ మోత పెడుతుంది గానీ గాలి కదలదు. 30 అంగుళాల తలుపు కింద ఒక అంగుళం సందు వదిలితే 50 సీఎఫ్ఎమ్ హాయిగా వస్తుంది, దానికి మించితే జాలీ పెట్టించండి. లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి ఎదురెదురుగా, దూరంగా ఉండాలి, పక్కపక్కనే ఉంటే గాలి అటు వచ్చి ఇటు పోతుంది, మనిషి కూర్చున్న మూలకి రానే రాదు.

కిటికీలతోనే నడిపించాలంటే, ఎదురెదురు గోడల్లో ఒక్కోటి 2 చదరపు అడుగుల మేర తెరిచి, సెకనుకు 1 మీటర్ గాలి నేరుగా వీస్తుంటే సుమారు 200 సీఎఫ్ఎమ్ వస్తుంది. గాలి ఏటవాలుగా వస్తే దాదాపు సగం, మెష్ ఉంటే ఇంకా తగ్గుతుంది, గాలి ఆగిపోతే దాదాపు ఏమీ రాదు. అందుకే కిటికీని నమ్ముకునేవాళ్లు గాలి లేని రోజుకి ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకోవాలి.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. అదే ఇంట్లో గ్యాస్ గీజర్ గానీ మంట మండే హీటర్ గానీ పొగ గొట్టంతో ఉంటే, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి దొరక్క ఆ గొట్టంలోంచే పొగని వెనక్కి ఇంట్లోకి లాగగలదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. అలాంటి చోట లోపలికి గాలి వచ్చే దారి పెట్టకుండా ఫ్యాన్ ఆన్ చేయకండి, అలారం కూడా పెట్టుకోండి.

ఫ్యాన్ డబ్బా మీద అంకె, గోడలో అంకె

డబ్బా మీద ఉన్న సీఎఫ్ఎమ్ చాలాసార్లు ముందు ఏ అడ్డూ లేకుండా కొలిచింది. పైపు, వంపులు, బయటి ఫ్లాప్, మెష్ కలిసేసరికి బాగా తగ్గుతుంది. స్పెసిఫికేషన్‌లో ప్రెషర్‌తో పాటు ఇచ్చిన గాలి అంకె ఉంటే దాన్నే నమ్మండి. పైపు సైజు దగ్గర పిసినారితనం వద్దు. 100 సీఎఫ్ఎమ్ 4 అంగుళాల పైపులో పోవాలంటే నిమిషానికి 1150 అడుగుల వేగంతో పరిగెత్తాలి, 6 అంగుళాల్లో అయితే 510 చాలు, పైపు రాపిడి ఏడో వంతుకన్నా తగ్గిపోతుంది. ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వాడితే పూర్తిగా సాగదీసి బిగించండి, వేలాడనివ్వకండి.

బిగించాక కొలవండి. టిష్యూ పేపర్ ఫ్యాన్‌కి అతుక్కుంది కాబట్టి బాగా లాగుతోంది అనుకోవద్దు, గాలి ఎటు పోతోందో మాత్రమే అది చెప్తుంది. నేను చేసేది కవర్ పద్ధతి, 100 లీటర్ల చెత్త కవర్ మూతికి తీగతో రింగు కట్టి, కవర్‌ని గాలితో నింపి, ఎగ్జాస్ట్ గ్రిల్‌కి రింగు ఆనించి ఎన్ని సెకన్లలో పూర్తిగా చప్పబడిందో చూడటం. మా బాత్రూమ్ ఫ్యాన్ డబ్బా మీద 80 సీఎఫ్ఎమ్ అని ఉంది, కవర్ ఖాళీ అవడానికి 6 సెకన్లు పట్టింది, 100 ÷ 6 = 16.7 లీటర్లు, 2.12తో గుణిస్తే 35. సగం కూడా లేదు! నిచ్చెన వేసి బయట చూస్తే ఫ్లాప్ దుమ్ము పట్టి వేలు దూరేంతే తెరుచుకుంటోంది, లోపల మెష్ మీద బూడిద రంగు నూగు దుప్పటిలా పేరుకుపోయింది. అది తీసి కడిగి మళ్లీ కొలిస్తే 3.2 సెకన్లు, 66 సీఎఫ్ఎమ్. 80 రాలేదు, ఆ పైపుకి అంతే వస్తుంది, 50 దాటింది కాబట్టి నాకు సరిపోయింది.

మీటర్‌తో గదినే అడగడం

ఫ్యాన్ లేని గదికి, సందుల్లోంచి కిటికీల్లోంచి గాలి వచ్చే గదికి కవర్ పనికిరాదు, అక్కడ కార్బన్ డయాక్సైడ్ మీటర్ కావాలి. ఎన్‌డీఐఆర్ సెన్సర్, అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది, ఉన్నదే తీసుకోండి, చవక మీటర్లు కొన్ని వేరే వాయువులని చూసి అంచనా అంకె చూపిస్తాయి, వాటితో ఈ లెక్క కుదరదు. ముందు మీటర్‌ని ఆరుబయట పెట్టి అంకె రాసుకోండి, 420 అటూ ఇటూ ఉండాలి. తర్వాత గదిలో కొంతమంది కూర్చుని అంకెని 1500 పైకి తేవాలి, అందరూ బయటికి వచ్చేయాలి, గాలి బాగా కలవడానికి సీలింగ్ ఫ్యాన్ నడుస్తూనే ఉండాలి. లోపలి అంకెలోంచి బయటి అంకె తీసేయండి, ఆ మిగిలింది సగానికి పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి, 41.6ని ఆ నిమిషాలతో భాగిస్తే అదే మీ ఏసీహెచ్. తలుపు తెరిచి ఉంచి కొలిస్తే పక్క గది గాలి కూడా ఇందులో కలుస్తుంది, అక్కడ కూడా అంకె ఎక్కువ ఉంటే అది తాజా గాలి కాదు, కాబట్టి తలుపు మూసే కొలవండి.

మా పడకగదిలో పైన వెంటిలేటర్ ఒక్కటే తెరిచి కొలిచా. మొదట 1820, బయట 420, తేడా 1400. తేడా 700కి, అంటే మీటర్ 1120కి రావడానికి 40 నిమిషాలు పట్టింది. 41.6 ÷ 40 = 1.04 ఏసీహెచ్, 1200 క్యూబిక్ అడుగుల గదికి 21 సీఎఫ్ఎమ్, ఇద్దరికి కావాల్సిన 42లో సగం. మర్నాడు వెంటిలేటర్‌కి ఎదురుగా ఉన్న కిటికీ రెక్క రెండు అంగుళాలు తెరిచి గాలికి కొట్టుకోకుండా అట్టముక్క అడ్డం పెట్టి మళ్లీ అదే 1820 నుంచి మొదలుపెట్టా. ఈసారి 1120కి 18 నిమిషాల్లో వచ్చింది, 2.31 ఏసీహెచ్, 46 సీఎఫ్ఎమ్. ఆ అట్టముక్క ఇప్పటికీ ఆ కిటికీలోనే ఉంది.